వీడియో అయ్యేదాకా

ఇస్నాపూర్, నవంబరు 18.

హెడ్ మేడమ్ గారికి,

ఒక్కొక్క పిల్లకు విడిగా చదవడం ఎలా నేర్పుతారో చూపే వీడియో ఈ నెల 7న మీ మూడో తరగతిలో తీశారు. చదువులో వెనకబడిన భవాని కెమెరా చూసి ఏడ్చిందట. టీచరమ్మ ఆ చోట, బాగా చదివే నా మనవరాలు సిల్వియాను కూర్చోబెట్టి, "జెర ఆగి ఆగి చదువు బిడ్డా" అన్నారట. నేర్చుకున్నట్టు చూపే రెండో భాగం ఫిబ్రవరిలోనట.

నిన్న ఇంటి ప్రార్థనలో సిల్వియా బైబిలు వాక్యం కూడబలుక్కుని చదివింది. ఏందే అంటే, "వీడియో ఇంకా అయిపోలే నానమ్మా" అంది. నేనూ ముప్ఫై ఒక్క ఏళ్లు పంతులమ్మనే. పోట్లాడే ఓపిక లేదు.

జరగవలసినవి:

1. వీడియో అయిపోయిందని టీచరమ్మే సిల్వియాకు చెప్పాలి. నేను చెబితే నమ్మడం లేదు.
2. టీచరమ్మ విడిగా నేర్పే ఆ చోట రేపటి నుంచి భవాని కూర్చోవాలి, కెమెరా లేకుండా.
3. ఫిబ్రవరిలో భవాని ఎంత చదివితే అంతే తీయాలి.