చేమగుంట నీళ్లు

రాజధాని తరావాలో ఉన్న అన్నయ్య కబౌవాకు,

అమ్మ కులాసాగానే ఉంది. ఉప్పునీటిని మంచినీరు చేసే, ఎండతో నడిచే యంత్రం ఉత్తరపు ఊరికి వచ్చింది. మన ఊరికి ఎందుకు రాలేదని అందరూ మీ ప్రణాళిక ఆఫీసును తిడుతున్నారు. తప్పు నాది.

నిరుడు మీ ఆఫీసు సర్వేవాళ్లు సభపాకలో కూర్చుని, నీళ్లు ఉప్పయిన ఊళ్లకే యంత్రమని చెప్పి, చేమ పండించే గుంటల్లో నీళ్లెలా ఉన్నాయని అడిగారు. పెదనాన్న, "మా గుంట నీళ్లా? కొబ్బరినీళ్లు సిగ్గుపడాలి!" అన్నాడు. ముసలివాళ్లంతా నవ్వారు. పట్టిక రాసేది నేను. అప్పటికే మన చేమ ఆకులు అంచులు మాడి ఉన్నాయి. దుంప తవ్వితే కుళ్లి వచ్చింది. మనం గుంటలో ఏ ఆకు ఎరువు వేశామో కూడా పక్కింటికి చెప్పం. నాన్న పోయేదాకా చూసుకున్న గుంట ఉప్పయిందని అంతమంది ముందు రాయలేకపోయాను. మన గుంటకు 'మంచినీరు' అని రాశాను. నా వెనక ప్రతి ఇంటివాళ్లూ అదే రాయించారు.

ఇప్పుడు రోజూ ఉత్తరపు ఊరికి నీళ్లకు వెళుతున్నాను. నిన్న కుళాయి దగ్గర ఆ ఊరి బౌరినా, "ఏమ్మా, మీ కొబ్బరినీళ్లు మొహం మొత్తాయా?" అంది. వరసలో వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

కాగితం మార్పించు అన్నయ్యా. అబద్ధం రాశానని సంతకం పెడతాను. పెదనాన్న నాతో మాట్లాడకపోయినా సరే.

నీ చెల్లెలు
తెబోరా

చెల్లెలు తెబోరాకు,

నీ ఉత్తరం ఓడలో వచ్చి పదిరోజులైంది.

నీ పట్టికను ఆఫీసు ఊరికే నమ్మలేదు. సరిచూడమని నన్నే పంపింది. అప్పుడు అమ్మను చూడడానికి వచ్చానని మీతో చెప్పాను. నువ్వు చర్చికి వెళ్లినప్పుడు గుంటలో దిగి నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉమ్మేశాను. తిరిగొచ్చి 'సరిచూశాను, నిజమే' అని సంతకం పెట్టాను. నా పక్క బల్ల దగ్గర ఉత్తరపు ఊరివాడు కూర్చుంటాడు. మన గుంట ఉప్పని రాస్తే వాడు చదువుతాడని.

నీ ఉత్తరం చూశాక పై అధికారిని అడిగాను. "చెల్లెలు నీళ్లు బాగున్నాయని రాసింది, అన్న నిజమేనన్నాడు. ఇప్పుడు మీ ఇంట్లో ఎవరి మాట నమ్మమంటావయ్యా?" అన్నాడు. ప్రణాళిక అచ్చయి దాతల దేశాలకు వెళ్లిపోయింది. మళ్లీ తెరిచేది ఏడేళ్లకు. నన్ను ఆ పని నుంచి తీసేశారు, అది వేరే సంగతి.

ఊళ్లో నీ ఒక్కదాని తప్పని చెప్పుకోకు. నా పేరూ చెప్పు.

గుంటలో గట్టిగా ఉన్న దుంపలుంటే ఈ వారమే తవ్వి అమ్మకు ఉడికించి పెట్టు. ఈసారి తలలు కోసి ఆ ఉప్పు గుంటలో మళ్లీ నాటొద్దు.

అన్నయ్య
కబౌవా