మండని వేళ్లు

తమ్ముడు రసూల్‌కు,

ఇక్కడ అందరం క్షేమమని రాయలేకపోతున్నాను. నువ్వు గుంటూరు ఆసుపత్రిలో కాంపౌండరువి కనుక ఒక సంగతి నాకు విడమరిచి చెప్పాలి.

కల్లంలో మిరపకాయల తొడిమలు తీసి వచ్చాక, మంట ఆగేదాకా చేతులు మజ్జిగతో కడగడం మన ఆడవాళ్ల అలవాటు కదా. మంట ఆగిందంటే కారం పోయినట్టే. ఈ ఏడు నా వేళ్లు అసలు మండనే లేదు. కారం అంటలేదనుకుని మనవడికి కాటుక పెట్టాను. పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు, కళ్లు వాచిపోయాయి. ఇప్పుడు తగ్గిందిలే. కానీ కోడలు జహీరున్నీసా బిడ్డను నా చేతికివ్వడం మానేసింది.

ప్రత్తిపాడులో డాక్టరు గారు, "పాత చర్మం రాలిపోయి కొత్తది వస్తూనే ఉంటుందమ్మా. వయసు మీద పడ్డాక ఆలస్యమవుతుంది, అంతే" అన్నారు. అలా వస్తూనే ఉంటే, నా వేళ్ల మీదున్నది పాతదా, కొత్తదా? కొత్తదైతే ఎందుకు మండదు? నాకేమీ పాలుపోవడం లేదు. నవ్వకు.

కల్లానికి వెళ్లడం మానేశాను. కొత్త తోలు వచ్చిందేమోనని రోజూ పొద్దున్నే ఒక మిరపకాయ చిదిమి చూసుకుంటున్నాను.

నిన్న కోడలు, బిడ్డను నా చేతికివ్వొచ్చేమో చూద్దామని, నా వేలు పట్టుకుని తన కంటికి రాసుకుంది. కళ్లనీళ్లు బొటబొటా కారుతుంటే, "కారం ఇంకా పోలేదత్తమ్మా, రేపు మళ్లీ చూద్దాం" అంది.

ఆ పొద్దునే నేను చిదిమిన మిరపకాయ సంగతి దానికి చెప్పలేదు. ఇప్పుడు చెప్పనా, వద్దా?

నీ అక్క