బావగారికి నేను తినిపించిన వనస్పతి

రాజ్‌కోట్,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకి,

తమ్ముడు శ్రీను నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం అని రాయాలి గానీ, ఇక్కడ 'మేమందరం' అంటే నేనూ, గదిలో ఒక బల్లీను. ఇద్దరం క్షేమమే. నువ్వు, పాప, అత్తయ్యగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారు ఎలా ఉన్నారో నీ ఉత్తరంలో చదివాను. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను.

ఇక్కడ వానలు లేవు, దుమ్ముగాలి మాత్రం ధారాళం. పప్పులో బెల్లం వేస్తారని ఇదివరకే ఏడ్చాను కదా, ఇప్పుడు వంకాయ కూరలోనూ వేస్తున్నారు. ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం బాగానే ఉంది. సన్నటి గాజు గొట్టంలో వనస్పతి నింపి, నీళ్లలో పెట్టి వేడి చేసి, ఎన్ని డిగ్రీలకి కరిగిందో పుస్తకంలో రాయడం. దీనికేనా మూడేళ్లు కెమిస్ట్రీ చదివావు అని అడక్కు. తెలుగులో మాట్లాడేవాళ్లు లేక ఆ గొట్టంతోనే మాట్లాడుతున్నాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "మీ బావ రోజూ పొద్దున్నే గోదావరి గట్టు మీద గంటసేపు నడుస్తున్నారు. నెయ్యి ముట్టి ఏడాదయింది. అయినా కిలో కూడా తగ్గలేదు. స్కూల్లో మేడమెట్లు ఎక్కితే ఆయాసం, గుండె పట్టేసినట్టుంటోందట. కాకినాడ అబ్బాయితో నువ్వు పంపిన వనస్పతి డబ్బా అయిపోవచ్చింది, ఇంకో రెండు పంపు. ఒంటికి మంచిదని స్పూను ఎక్కువే వేస్తున్నాను" అని రాశావు.

నాలుగోసారి ఆ స్పూను దగ్గరే ఆగిపోయానక్కా.

నిరుడు వేసవిలో డాక్టరు గారు బరువు తగ్గమని, నెయ్యి మానమని చెప్పినప్పుడు బావగారి మొహం నీకు గుర్తుందా? ముద్దపప్పులో నెయ్యి లేకపోతే అది అన్నమేనా అని కంచం ముందు దిగులుగా కూర్చున్నారు. నేను లేచి, కండువా సర్దుకుని, సభలో మాట్లాడినట్టు ఉపన్యాసం ఇచ్చాను. "బావగారూ, మా ఫ్యాక్టరీ సరుకుండగా మీకు లోటేంటండి? ఇది మొక్కల నూనె, శుద్ధ శాకాహారం. కొలెస్టరాల్ లేదని డబ్బా మీదే రాసుంది!" అన్నాను. "ఆయ్, కెమిస్ట్రీ చదివిన బావమరిది ఉంటే ఇంట్లో డాక్టరున్నట్టే" అని ఆయన నవ్వి, కరిగించిన వనస్పతి అన్నంలో పోయించుకున్నారు. ఆ ముద్ద తినేదాకా నేను పక్కనే నిలబడ్డాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు మా ల్యాబు పెద్ద వర్షాబెన్ గారి దగ్గరికి వెళ్లాను. మాకు తక్కువ ధరకి ఇచ్చే డబ్బాలు ఆవిడ ఎప్పుడూ తీసుకోరు. "మీ వాటా నాకిప్పించండి" అన్నాను.

"ఎవరికి?"

"మా బావగారికండి. బరువు తగ్గాలి. గుండెకి మంచిది కాదని నెయ్యి మాన్పించారు."

ఆవిడ చేతిలో సీసా బల్ల మీద పెట్టేశారు. "నెయ్యి మాన్పించి ఇది పెడుతున్నావా? నీకు పాఠం చెప్పినవాళ్లెవరయ్యా? ఈ డబ్బా మా ఇంటి గడప తొక్కనివ్వను" అన్నారు.

తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. మేము నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టిస్తాం కదా, అప్పుడు అందులో ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. డబ్బాలో కొలెస్టరాల్ లేని మాట నిజమే. కానీ తిన్నాక ఒంట్లో చెడ్డ కొలెస్టరాల్‌ని అదే పెంచుతుంది, మంచిదాన్ని తగ్గిస్తుంది. గుండెకి నెయ్యి కన్నా ఇదే ఎక్కువ చేటు. పోనీ బరువు తగ్గుతుందా అంటే, ఏ కొవ్వయినా కొవ్వే, తేలిక కొవ్వంటూ లేదు. బావగారు గట్టు మీద గంటసేపు నడిచి కరిగించింది మధ్యాహ్నం నీ స్పూను మళ్లీ నింపేస్తోంది.

హైడ్రోజన్ ఎక్కించడం నాకు తెలియనిది కాదక్కా. రోజూ చూస్తున్నదే. తిన్నవాళ్లకి ఏమవుతుందని ఒక్కరోజూ అడగలేదు. ఉద్యోగం మానేస్తావా అంటే ఇప్పుడే చెప్పలేను. డబ్బాలు మాత్రం పంపను.

మిగిలింది పారెయ్యి. అత్తయ్యగారు జంతికలకి కొంత తీసిపెట్టుకున్నారన్నావు, అదీ పారేయించు. బావగారు సాయంత్రం తినే బేకరీ పఫ్‌లు, బిస్కెట్లలో కూడా ఇదే ఉంటుంది, మానిపించు. కూరకి మామూలు నూనె, అదీ కొద్దిగా. గుండె పట్టేస్తోందంటే ఆగకూడదు, ఈ ఉత్తరం అందిన రోజే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లు. ఏడాదిగా ఏం తిన్నారో దాచకుండా చెప్పు. తమ్ముడే తినమన్నాడని చెప్పు, నా పేరు పోతే పోనీ.

నా భయం ఒక్కటే. నువ్విది చదివి వినిపిస్తే బావగారు నవ్వేస్తారు. "మీవాడు మళ్లీ నాటకం మొదలెట్టాడే" అంటారు. ఇన్నేళ్లూ మొహం గంభీరంగా పెట్టి అబద్ధాలాడి అందర్నీ నవ్వించాను. ఇప్పుడు నిజం చెప్పడానికి నాకు వేరే మొహం లేదు. అందుకని ఆయన నవ్వితే నువ్వు నవ్వకక్కా. నవ్వకుండా అలాగే చూస్తూ ఉండు. నీ మొహం చూస్తే నమ్ముతారు.

అత్తయ్యగారికి నమస్కారాలు, పాపకి ముద్దులు. బావగారి కాళ్లకి దణ్ణం పెట్టానని చెప్పు. నన్ను దీవించడం తర్వాత, డాక్టరు గారేమన్నారో ముందు రాయి.

నీ తమ్ముడు,
శ్రీను