పోలరాజు దొంగ కాడు, తీగ పొట్టిది

బిర్సానగర్, జంషెడ్‌పూర్
జూన్, 1979

విద్యుత్ ఇంజనీరు శ్రీ నారాయణమూర్తి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కరెంటు చోరీ కేసు నుండి నా భర్త పోలరాజును విడిపించి, సదరు కేసులో నా పేరు రాసుకొనుట గురించి.

తమరు మన భాషవారని విని, హిందీ రాయడం రాని నేను తెలుగులోనే మనవి చేసుకుంటున్నాను.

1. వేసవి గాలివానకు మా వరస ఇళ్ళ తీగ తెగగా, తమ సిబ్బంది దాని స్థానే బహు సన్నని తీగను దూరపు స్తంభం నుండి చుట్టూ తిప్పి ఇచ్చినారు. అది మొదలు బల్బులు ఎర్రగా మిణుకుమనుటయే గాని వెలుగు లేదు. హీటరు మీద ఎసరు కాగదు. నా భర్త కార్ఖానాలో కాంట్రాక్టు కూలీ. అన్నం తినకుండా షిఫ్టుకు పోయిన రోజులు కలవు.

2. హీటరు కాయిలు తెగినప్పుడల్లా కాలిన కొసలు తుంచి, మిగిలినది సాగదీసి నేనే అతికించితిని. అతికించిన ప్రతిసారీ అది మరింత ఎర్రగా మండి, అన్నం తొందరగా ఉడికేది. నాకు సంతోషమైనది.

3. మొన్న మంగళవారం నా ఎసరు మరుగుతుండగా, బయట ఆ సన్నతీగ తమవారు వేసిన అతుకు దగ్గర కాలి తెగి, పక్కింటి ముసలయ్య గారి రేకు తలుపు మీద పడినది. ఆయన తలుపు తీయబోయి అంటుకుపోయారు. భార్య దాలమ్మ ఎండు వెదురుకర్రతో కొట్టి విడిపించినది. ప్రాణం దక్కినది. కుడిచేయి దక్కునో లేదో డాక్టర్లు చెప్పడం లేదు.

4. తమ లైన్‌మేన్ వచ్చి, పోలరాజు స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు దొంగిలించినాడని రాసుకున్నాడు. కొక్కెం చూపించమంటే చూపలేదు. షిఫ్టు దిగిన మనిషిని పోలీసులు కార్ఖానా గేటు దగ్గరే పట్టుకుని ఠాణాకు తీసుకుపోయారు. తెగిన తీగను మాత్రం తమ సిబ్బంది మెలిపెట్టి మళ్ళీ అదే కట్టిపోయారు. పిల్లలు దాని కిందనుంచే బడికి పోతున్నారు.

5. కాసిడీహ్‌లో సైన్సు పాఠాలు చెప్పే సత్యభామ గారింట అంట్లు తోముతాను. ఆమెను అడిగితిని. లోహపు తీగ పొట్టిదైతే కరెంటు ఎక్కువగా పారునట. సన్ననిది, పొడుగుది అయితే అడ్డగించునట. అందులో నుండి ఎక్కువ కరెంటు లాగితే కాలునట. అనగా నా తీగ పొట్టిది, తమ తీగ సన్నది. నడుమ కాలినది ముసలయ్య గారి చేయి. ఇందులో నా భర్త ఎక్కడున్నారో తమరే సెలవియ్యవలెను.

6. దాలమ్మ దగ్గరకు పోయి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. ఆమె మొహం తిప్పుకుని, ఆ వెదురుకర్రను తీసి చూరులో దోపినది. తరువాత, "నీ మొగుడు లోపలుంటే మా ఆయన సెయ్యి బాగైపోద్దేటే? రాయి. నేనూ ఏలిముద్ర ఏత్తాను," అన్నది.

కావున నా భర్తను విడిచి, నన్ను విచారించి, ఆ తీగ మరొక తలుపు మీద పడకముందే మందపు తీగ వేయించవలెను. మాకు వేరే దిక్కు లేదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జగదాంబ

సాక్షి: దాలమ్మ వేలిముద్ర

తా.క.: ఇప్పుడే ఠాణాకు అన్నం పట్టుకెళ్ళి వచ్చాను. కాయిలు సంగతి ఆయన చెవిలో చెప్పాను. చెప్పీ చెప్పకముందే పోలీసు దారోగా వైపు తిరిగి, అతికించింది తనేనని ఒప్పేసుకున్నారు. నమ్మకండి బాబూ. మా ఆయనకు ప్లగ్గు పెట్టాలన్నా భయమే. తెగిన కాయిలొకటి చేతికిచ్చి అతికించమనండి. రాదు.