తెరిచిన గుమ్మటం

బంగారు తల్లీ,

నువ్వు గీసి పంపిన వేధశాల బొమ్మ ప్రింటు అందిందమ్మా! అల్లుడు పోయినప్పటి నుంచి నువ్వు గీసిన ప్రతి పాత వేధశాలకీ గుమ్మటం మూసే ఉండేది. ఒక్కొక్కటీ ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. ఈసారి గుమ్మటం తలుపు బార్లా తెరిచావు, లోపల దుర్భిణి ఆకాశంలోకి చూస్తోంది! ఫ్రేము కట్టించడానికి తీసుకెళ్ళి, సంతోషం పట్టలేక ఆ దుకాణంలోనే కూలబడ్డాను.

"ఏంటి పెద్దాయనా, అద్దం పగిలిందా?" అన్నాడు దుకాణదారు.

"లేదు నాయనా, తలుపు తెరుచుకుంది" అన్నాను.

అతనికేం అర్థమైందో గానీ, మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

పాతవాటిని తీయలేదు. వాటి పక్కనే, పొద్దున లేవగానే కనపడేలా దీన్ని తగిలించాను. ఎందుకు తెరిచావో నాకు చెప్పక్కర్లేదు తల్లీ. గోడ మీద ఇంకా బోలెడు చోటుంది.

నీ పిచ్చి నాన్న