చదవకుండా పెట్టిన సంతకం

హైదరాబాద్,
ఆదివారం.

అన్నయ్యకి వందనాలు. నువ్వు, వదిన, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను. ఫోనులో చెబితే అమ్మ స్పీకరు పెట్టమంటుంది, అందుకని కాగితం పట్టాను. ఇది అమ్మకి చదివి వినిపించకు. రాజోల్లో వానలు పట్టాయా? ఇక్కడ ఎండ ఇంకా మాడ్చేస్తోంది. చేపల పులుసు వండుకుంటే ఒక్కదాన్నే తినలేక సగం పారబోశాను.

నేను చూసుకుంటున్న పెద్దావిడ కాస్త తేరుకుంది. ఆదివారం తప్ప రోజూ పొద్దున్న ఆరింటికి సైకిలు మీద వెళ్తాను. నా పక్క గదిలో ఉండే లక్ష్మి అదే అపార్టుమెంటులో వంట చేస్తుంది, తను నడిచి వస్తుంది. రోడ్డంచు పొడుగునా అపార్టుమెంటు వాళ్ళు కార్లు నిలిపేస్తారు కాబట్టి ఇద్దరం బస్సుల మధ్యనే వెళ్ళాలి. పోయిన నెల మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి, ఆ కార్లు తీయించి నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ దారి వేస్తామని సున్నంతో గీతలు గీశారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ వారమే పెద్దావిడ కొడుకు, ఆయనే అపార్టుమెంటు సెక్రటరీ, ఒక కాగితం తెచ్చి "సుగుణా, ఇక్కడో సంతకం పెట్టు" అన్నారు. చేతులు తుడుచుకుని "ఆయ్, అలాగేనండి" అని పెట్టేశాను. పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసైనదాన్ని, చదవలేదు! యజమాని ఇచ్చిన కాగితం ఆయన ముందే చదవడం బాగోదనుకున్నాను. మన మర్యాద మండిపోను!

పది రోజులకి లక్ష్మిని వెనక నుంచి వ్యాను గుద్దింది. కాలు విరిగింది. చూడ్డానికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకుని, "దారి వద్దని నువ్వే సంతకం పెట్టావంట గదా" అంది. పరుగున వెళ్ళి లిఫ్టు దగ్గర అంటించిన నకలు చూశాను. పనివాళ్ళకి కూడా ఈ దారి అక్కర్లేదని రాసుంది, కింద మొదటి పేరు నాదే. తల కొట్టేసినట్టయింది అన్నయ్యా.

నిన్న కింది హాల్లో మీటింగు జరిగింది. మున్సిపాలిటీ ఇంజనీరు గారు ఆ కాగితం చూసి, "పనివాళ్ళు కూడా వద్దంటున్నారే" అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ సంతకం నాదేనండి. చదవకుండా పెట్టేనండి. తప్పయిపోయింది, కొట్టేయండి."

సెక్రటరీ గారు నవ్వుతూనే, "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం, కూర్చో" అన్నారు.

"ఆయ్" అని కూర్చోబోయాను కూడా! ఛీ, ఏం అలవాటో. మళ్ళీ లేచి, "కాదండి. నేను సైకిలు మీద వస్తానండి. మా లక్ష్మి కాలు విరక్కొట్టుకుని మంచంలో ఉందండి. ఆ దారి మాకు కావాలండి" అన్నాను. ఇంజనీరు గారు పెన్ను ఇచ్చారు. నా పేరు నేనే కొట్టేశాను. ఇంకో ఇద్దరు పనివాళ్ళు కూడా వచ్చి తమ పేర్లు కొట్టేశారు.

దారి సంగతి ఇంకా తేలలేదు. సెక్రటరీ గారు తర్వాత నా మొహం చూడలేదు. రేపు ఆరింటికి వెళ్ళి ఆయన బెల్లే కొట్టాలి. లోపలికి రమ్మంటారో, ఇంక రానక్కర్లేదంటారో తెలియదు. నీ దగ్గర దాచడం ఎందుకు, భయంగానే ఉంది. కానీ లక్ష్మి ఈ రోజు నా చేత్తో పెట్టిన గంజి తాగింది.

ఎవరైనా ఇటు వస్తుంటే వదినని కాస్త మాగాయ పంపమను. పాస్టరు గారికీ, పెద్దమ్మ వాళ్ళకీ నా వందనాలు చెప్పు. పని నిలవాలని ప్రార్థన చెయ్యి. రేపు గుమ్మంలో ఆయన మళ్ళీ ఆ కాగితమే చాపితే నేను "ఆయ్" అనకూడదని అంతకంటే గట్టిగా చెయ్యి.

నీ చెల్లెలు,
సుగుణ