మీ ఆక్సీమీటరు

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున అమలాపురం నుంచి మీ పాత విద్యార్థి, ఆ డాక్టరు గారు వచ్చేరు. "మాస్టారు చెప్పిందేనండీ. ఊపిరిని గమనించడం మా పేషెంట్లకీ నేర్పుతున్నాం. బీపీ తగ్గుతోందండీ, ఆయ్!" అన్నారు. వింటే ఎంత మురిసిపోయేవారో.

సైన్సు మాస్టారు కదా, ధ్యానానికి ముందూ తర్వాతా వేలికి ఆక్సీమీటరు పెట్టుకునేవారు. "బుద్ధుడు నమ్మమనలేదు, ఎవరికి వాళ్ళని చూసుకోమన్నాడు" అనేవారు. ఆఖరి రోజు ఊపిరాడక అందులో అంకె పడిపోతుంటే, దాన్నీ అలాగే చూస్తూ పడుకున్నారు. భయమంతా నాకు వదిలేశారు.

డాక్టరు గారు వెళ్ళాక అరుగు మీద మీ చాప వేసుకుని కూర్చున్నాను. పక్క తోటలో కొబ్బరి దింపు, కాయలు దబదబా పడుతున్నాయి. దుఃఖం వస్తుంది, చూస్తూ ఉంటే పోతుంది అనేవారు కదా మీరు. ఏడాదిగా చూస్తున్నాను. వస్తుంది, నా పక్కనే కూర్చుంటుంది. పోవడం మాత్రం ఇంకా చూడలేదు.

లేచి, మీలాగే ఆక్సీమీటరు పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది చూపించింది. ఆ రోజు మీ వేలు పట్టుకుని ఆ అంకె కోసమే ఎదురుచూశాను. ఇప్పుడు నాకెందుకండీ అది?